డబ్బా అవ్వను కూర్చోబెట్టిన కథ

నా చిన్నప్పుడు మహారాష్ట్రలోని మా విరూర్ స్టేషన్‌కు పొద్దున వచ్చే ప్యాసింజర్‌లో కాలు పెట్టే సందు లేకపోయినా, మా కాకకు మాత్రం కిటికీ పక్కన సీటు దొరికేది. నాన్న తమ్ముణ్ణి మా వైపు కాక అంటాం. బల్లార్షా దగ్గర బొగ్గు గనిలో పని ఆయనకు. రైలు ఇంకా పూర్తిగా ఆగకముందే బోగీలోంచి ఎవరో ఒకరు చెయ్యి బయటపెట్టి, ఇటు రమ్మని పిలిచేవాళ్ళు. ఆ మర్యాదంతా ఆయన చెప్పే కథలకు.

కథ చెప్పడంలో కాక ఒక గడుసు పద్ధతి పెట్టుకున్నాడు. బల్లార్షా ప్లాట్‌ఫాం కనబడగానే కథ ఎక్కడుంటే అక్కడ వదిలేసి లేచి నిలబడేవాడు. దొంగ గోడ దూకుతూ ఉండేవాడు, ఒక కాలు ఇవతల, ఒక కాలు అవతల. మిగతాది రేపు అని చెప్పి అన్నం డబ్బా చంకన పెట్టుకుని దిగిపోయేవాడు. ఆ దొంగ కిందికి దిగాలంటే మర్నాడు కాకకు సీటు ఇవ్వక తప్పదు కదా. అట్లా ఏళ్ళ తరబడి కూర్చునే డ్యూటీకి వెళ్ళాడు మహానుభావుడు.

మా బోగీలో ఇంకో వింత కూడా ఉండేది. సగం మంది తెలుగువాళ్ళం, సగం మంది మరాఠీవాళ్ళు. కాక చెప్పేది తెలుగులో. మానిక్‌గఢ్‌లో ఒకాయన ఎక్కేవాడు, కాగితాల మిల్లులో పని, తెలుగు బాగానే అర్థమయ్యేది. అందరూ ఆయన్ని దాదా అనేవాళ్ళు. కాక ఒక్కో మాట చెబుతుంటే ఆయన దాన్ని మరాఠీ చేసి అవతలి సీట్ల వాళ్ళకు అందించేవాడు. అందించేటప్పుడు ఉప్పూ కారం తన చేత్తో వేసేవాడు. ఇవతల మా దొంగ ఇంకా గోడ మీదే ఉంటే, అవతల వాళ్ళ దొంగకు పెళ్ళి కూడా అయిపోయేది. ఇటువాళ్ళు ఊఁ కొడితే అటువాళ్ళు ‘మగ?’ అనేవాళ్ళు. మరాఠీలో తర్వాతేమైందని అడగడం అది. రైలు చప్పుడులో ఆ ఊఁలూ మగలూ కలిసిపోయి నాకు భలే కడుపు నిండినట్టుండేది.

మా ఊళ్ళో బడి ఏడో తరగతితో సరి. పై చదువుకు కాక నన్ను బల్లార్షాలోని మరాఠీ బడిలో వేయించి, తనతో పాటే రైల్లో తీసుకెళ్ళేవాడు. ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టిన నాటి నుంచీ చేతకాదు. మా అమ్మ నన్ను చూసి, దీని కాళ్ళ కింద నిప్పులున్నాయా అనేది. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే వేళ్ళు దేన్నో ఒకదాన్ని గీరుతుంటాయి. ఇప్పుడు అరవై దాటాక కూడా అంతే. అలాంటి పిల్లకు కథలు రాయాలని పిచ్చి పట్టింది. కాక దగ్గర్నుంచి అంటుకున్న పిచ్చే అది, వేరే ఎక్కణ్ణుంచి వస్తుంది.

ఒక ఏడు చలికాలంలో బడిలో చేతిరాత పత్రిక వేస్తున్నారు. పిల్లలు సొంతంగా రాసిన కథలను మంచి చేతిరాత ఉన్నవాళ్ళ చేత తిరగరాయించి, కుట్టి, సభలో పెడతారు. మరాఠీ చెప్పే టీచరమ్మను మేం బాయి అనేవాళ్ళం. ఆమె అడిగిందే తడవు నేను ఒక రాజకుమారి కథ రాసిచ్చాను. కోట, పూలతోట, హంసలు, చెరలో పడటం, విడిపించుకుని రావడం, అన్నీ ఉన్నాయి. బాయి చదివి, నవ్వుతూనే, ఈ రాజకుమారిని నేను చాలా పుస్తకాల్లో కలిశాను, నీ కథ ఏదైనా ఉంటే తీసుకురా అంది. నాకు చెవులు వేడెక్కాయి. అది నాదే అనుకున్నాను మరి.

నా కథ అంటే ఏమిటో నాకు తెలియలేదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. దాన్ని చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. బడిలో రాసేది మరాఠీ. దానిలో నాకు కోపం రాదు, నవ్వు రాదు, పరీక్షలు మాత్రం వస్తాయి. తెలుగు మాటలను మరాఠీ అక్షరాల్లో రాసుకుని చూశాను. చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినబడింది. పుణె, ముంబయి, సముద్రం, పెద్ద మేడలు, కథలన్నీ అక్కడే జరుగుతాయని నా నమ్మకం. పత్తి చేలు, బొగ్గు రైళ్ళు ఉన్న చోట ఏం జరుగుతుంది? కాగితం ముందు పెట్టుకోవడం, లేవడం, నీళ్ళు తాగి రావడం, పెన్సిలు చెక్కడం, మళ్ళీ లేవడం. ఇట్లా చాలా రోజులు గడిచాయి.

చివరికి కాకను అడిగాను, నాకొక కథ ఇవ్వమని. ఇస్తాను గానీ, ఇచ్చినా అది నా కథే అవుతుంది, నీది కాదు అన్నాడు. మనసు నిలవడం లేదు, నిలిచాక నేనే రాస్తానని విసుక్కున్నాను. స్టేషన్ దారిలో నడుస్తూ ఆయన అన్న మాట ఇది: “మనసు నిలిచినోడు కథెందుకు చెప్తడే బిడ్డా? హాయిగ పండుకుంటడు.” అప్పుడు చెప్పాడు, ఇంట్లో ఎవరితోనూ అననిది. గనిలోకి దిగే ముందు రోజూ తనకు కడుపులో గుబులుగా ఉంటుందట. ఎన్నేళ్ళు దిగినా అది పోలేదట. రైల్లో నలుగురు ఊఁ కొడుతుంటే బల్లార్షా దాకా ఆ గుబులు కనబడకుండా ఉంటుందట. సీటు కోసం అనుకున్నావా అని నవ్వాడు. సీటు కోసం కూడా అనుకో అని తనే సర్దుకున్నాడు.

కథ ఇవ్వాల్సిన ఆఖరు రోజు వచ్చింది. సంచిలో తెల్ల కాగితాలు అట్లాగే ఉన్నాయి. ఆ రోజు ఖాళీ చేతులతో బాయి ముందు నిలబడితే, ఇక కథల జోలికి పోకూడదని నాలో నేను తేల్చుకున్నాను. నాకు రాదు, అంతే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ పొద్దున ఆ మాట మీదే రైలెక్కాను.

మా ఎదుటి సీట్లో డబ్బా అవ్వ కూర్చుని ఉంది. ఆమెకు ఆ పేరు మేం పెట్టుకున్నదే. విరూర్‌కు ముందు స్టేషన్‌లో ఎక్కేది, ఆ పక్కన చిన్న పల్లె ఆమెది. కూతురు కాన్పు తర్వాత జ్వరంతో చాందా పెద్ద దవాఖానలో పడి ఉంది. చంద్రపూర్‌ను మేం చాందా అనే అంటాం. అవ్వ రోజూ పొద్దున వండి, స్టీలు డబ్బాలో పెట్టి, దానికి గుడ్డ చుట్టి, బల్లార్షాలో దిగి బస్సు పట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళేది. సాయంత్రం బండిలో తిరిగొచ్చేటప్పుడు ఆ డబ్బా అంతే బరువుగా ఉండేది. కూతురు ముద్ద ముట్టడం లేదు. ఈ సంగతి అవ్వ ఎవరితోనూ ఎక్కువ చెప్పలేదు. డబ్బా ఎత్తి పైన పెట్టబోయిన కాకకే బరువు చూసి అర్థమైంది. అందుకే ఏమో, దొంగ కథను ఆమె వైపు తిరిగే చెప్పేవాడు.

ఆ రోజు మానిక్‌గఢ్ దాటి, వార్ధా నది వంతెన ఇంకా కొంచెం దూరం ఉందనగా బండి ఆగిపోయింది. స్టేషన్‌కు ముందు ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగడం మాకు కొత్త కాదు. ఎదురుగా బొగ్గు రైలు ఏదో పోనిచ్చి మమ్మల్ని వదులుతారు. కానీ ఆ రోజు ఎంతకీ కదల్లేదు. బయట పొగమంచు. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయేసరికి బోగీలో అందరి దగ్గులూ వినబడుతున్నాయి. కాలేజీ పిల్లలు కొందరు పట్టాల మీదికి దూకి వంతెన వైపు నడిచిపోయారు. ఆ వంతెన మీద నడవడమంటే పట్టాల కింది స్లీపర్ దిమ్మెల మధ్య సందుల్లోంచి కింద నీళ్ళు చూసుకుంటూ పోవడమే. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎదురుగా రైలొస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా చిన్న అరుగులుంటాయి, కాలు చురుగ్గా ఉన్నవాళ్ళకు.

అవ్వ లేచింది. కొంగు నడుముకు దోపుకుని, డబ్బా చంకన పెట్టుకుని తలుపు వైపు రెండడుగులు వేసింది. వాళ్ళు పోతున్నరు గదా, నేను సుత పోత అంది. బస్సు తప్పితే మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. కాక లేచి అడ్డం నిలబడి, సిగ్నల్ ఇప్పుడే పడుతుందన్నాడు, చలికి నీ కాళ్ళు మొద్దుబారి ఉన్నాయన్నాడు, ఆమె వినలేదు. సరే అని దొంగ కథ ఎత్తుకున్నాడు. అప్పుడు అవ్వ, కోపం లేకుండానే, ఇట్లా అంది: “నీ దొంగను గోడ మీదనే ఉండనియ్యి కొడుకా. ఆడ నా బిడ్డ ఒక్కతే ఉన్నది.”

కాక ముఖం మొదటిసారి చిన్నబోవడం చూశాను. అంతలోనే ఆయన చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. నన్ను పట్టుకుని అవ్వ ముందు నిలబెట్టాడు. ఈ పిల్ల ఇయ్యాల బడిలో కథ చెప్పాలి, సరిగ్గా ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు, నువ్వొక్కసారి విని పొమ్మని ఆమెను బతిమాలాడు. నా చెవి దగ్గరికి వంగి మాత్రం వేరే మాట అన్నాడు: “ఆమెను లేవనియ్యకు.”

మా కాక ఎంత గడుసువాడో అప్పుడు తెలిసింది. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో లేచిపోవచ్చు. చిన్నపిల్ల నోరు తెరిచి నిలబడితే, పిల్లల్ని పెంచిన చేతులకు దాన్ని వదిలి పోవడం కష్టం. అవ్వ నా ముఖం చూసింది, తలుపు చూసింది, సీటు అంచున కూర్చుంది. వెనక్కి ఆనలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది గానీ చేతులు దాని మీంచి తీయలేదు. నా దగ్గర కథ లేదని ఆయనకు తెలుసు. తెలిసే నిలబెట్టాడు.

వేరే దారి లేక ఆ పాత రాజకుమారినే మొదలుపెట్టాను. అనగనగా ఒక కోట అన్నాను. ఊఁ అంది అవ్వ. ఆ కోటలో పూలతోట అన్నాను. ఊఁ. తోటలో హంసలు అన్నాను. ఈసారి ఊఁ రావడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె చూపు నా భుజం మీంచి తలుపు దగ్గరికి పోయింది. నేను గొంతు పెంచాను. హంసలకు ముత్యాలు వేశాను, రాజకుమారికి వడ్డాణం పెట్టాను. వడ్డాణం ఇంకా పెట్టడం అయిందో లేదో, అవ్వ రెండు చేతులూ సీటు మీద ఆనించి లేవబోయింది. అవతల దాదా కూడా మరాఠీ చేయడం ఆపేశాడు. హంసల దగ్గర ఆయన కలపడానికి కూడా ఏమీ దొరకలేదనుకుంటాను.

ఆ క్షణం నాకు బాగా గుర్తు. బడి లేదు, బాయి లేదు, పత్రిక లేదు. ఈమె లేస్తే ఆ వంతెన మీదికి పోతుంది, అంతే నాకు తెలిసింది. ఆమె ముఖంలోకి చూడలేక ఆమె ఒళ్ళోకి చూశాను. అక్కడున్నదాన్నే కథలోకి తెచ్చాను. ఆ రాజకుమారి చేతిలో ఒక డబ్బా ఉంది, నదికి అవతల వాళ్ళమ్మకు జ్వరం, అమ్మకు అన్నం తీసుకుపోతోంది అన్నాను.

అవ్వ ఆగింది. సగం లేచిన మనిషి అట్లాగే కాసేపుండి, మెల్లగా మళ్ళీ కూర్చుంది.

దాదా అవతలి వాళ్ళకు ఈ మాట అందించగానే అక్కణ్ణుంచి ప్రశ్న వచ్చింది. రాజకుమారి అయ్యుండి డబ్బా తనెందుకు మోస్తుంది, నౌకర్లు లేరా అని. న్యాయమే. నౌకర్లందరూ పత్తి ఏరడానికి పోయారన్నాను. రాజుగారి నౌకర్లకు పత్తి పనేమిటని కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ అడిగింది. రాజుగారికి ఉన్నది పత్తి చేనే అన్నాను. అయితే ఆయన రాజెట్లా అయ్యాడని ఇంకొకరు. ఇట్లా ఒక్కొక్కరు అడుగుతుంటే నా రాజకుమారికి ఉన్నవన్నీ ఊడిపోయాయి. ముందు నౌకర్లు పోయారు, తర్వాత కోట పోయింది, వడ్డాణం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించనేలేదు. చివరికి చెప్పులు లేకుండా నది ఒడ్డున డబ్బా పట్టుకుని నిలబడ్డ ఒక పిల్ల మిగిలింది. ఆ పిల్ల నాకు బాగా తెలుసు. ఏ పుస్తకంలోనూ నేను ఆమెను కలవలేదు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. డబ్బాలో ఏముందని అడిగింది. అన్నం అన్నాను. జ్వరమొచ్చిన నోటికి అన్నం పోదు, జొన్న గటక పలుచగా కాచి, నిమ్మకాయ తొక్కు నంజుకు పెట్టాలని చెప్పింది. సరే, గటక అన్నాను. అది చల్లారిపోదా అంది. గుడ్డ చుట్టిందన్నాను. మంచి పని చేసింది అంది. ఆమె వీపు సీటుకు ఆనడం అప్పుడు చూశాను. కాక కిటికీలోంచి బయటికి చూస్తూ, అసలు వింటున్నట్టే లేడు.

నది దాటించడం మాత్రం నా ఒక్కదాని వల్ల కాలేదు. పడవవాడు నిద్రపోతున్నాడని నేనంటే, వార్ధా ఒడ్డున పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదు. పొద్దున పూట పడవవాళ్ళు నిద్రపోరు, చేపలకు వల వేసుకుని కూర్చుంటారు, వల వదిలి రారు అన్నాడు. అయితే ఆ పిల్ల వాణ్ణి ఎట్లా ఒప్పిస్తుంది? బోగీ రెండుగా చీలిపోయింది. ఏడవాలని కొందరు, ఏడిస్తే వినడు, వల లాగడానికి సాయం పట్టాలని కొందరు. కూరగాయల ఆవిడ తన గంప మీద చెయ్యి కొట్టి మరీ వాదించింది. మరాఠీ వైపు నుంచి మగ, మగ అని తొందరపెడుతున్నారు. నేను ఇటు తిరిగి, అటు తిరిగి, చేతులూపుతూ, ఎవరి మాట బాగుంటే దాన్ని పట్టుకుని ముందుకు పోతున్నాను. నా కాలు ఊగుతున్నా ఎవరూ ఆపమనలేదు. అంతసేపు ఒకచోట నిలబడి ఉన్నానని కూడా నాకు తెలియలేదు.

బొగ్గు రైలు ఎదురుగా వంతెన మీంచి ధనధనమంటూ వచ్చి మమ్మల్ని దాటిపోయింది. అది ఎంత పొడవుందో, దాని పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో అవ్వ ఒక్కసారి కళ్ళు మూసుకుంది. ఆ వంతెన మీద ఉండి ఉంటే అని తనూ ఆలోచించి ఉంటుంది. ముందు నడిచిపోయిన కాలేజీ పిల్లలు అప్పటికే అవతలి ఒడ్డు చేరారట. తర్వాత మా బండి కదిలింది. నది రాగానే ఆడవాళ్ళు చేతులు జోడించారు. కథలో పిల్ల అప్పటికి పడవలోనే ఉంది.

బల్లార్షాలో అవ్వ గబగబా దిగింది. దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఆ పిల్ల పోయినంక తల్లి తిన్నదో లేదో రేపు చెప్పమంది. జవాబు వినకుండానే బస్సు కోసం ఉరికింది. నేను గర్వంగా కాక వైపు చూశాను. భుజం తడతాడనుకున్నాను. ఆయన మాత్రం, రేపు నిన్నడుగుతది, ఏం చెప్తవో చూసుకో అని తన డబ్బా తీసుకుని గని వైపు వెళ్ళిపోయాడు. నాకు అప్పటిదాకా ఉన్న ఆందోళన ఒకటైతే, ఇప్పుడు అంటుకున్నది ఇంకొకటి.

బడికి ఆలస్యంగా చేరి, తిట్లు తిని, మధ్యాహ్నం అన్నం మానేసి కథంతా మరాఠీలో రాశాను. గటకకు మరాఠీ మాట తెలియక గటక అనే రాశాను. కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఎక్కించిన ముక్కలు. చేతిరాత కూడా బాగాలేదు. బాయి చదువుతూ చదువుతూ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పేజీ తిప్పి చూసింది, అవతల ఏమీ లేదు. మిగతా కథ ఏదని అడిగింది. రేపు రైల్లో తెలుస్తుందని చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసి, అయితే రేపే ఇవ్వు అంది. ఈ పిల్లను పుస్తకాల్లో కలిశానని ఈసారి అనలేదు.

ఆ సాయంత్రం బండిలో అవ్వ మా బోగీలో ఎక్కలేదు. ఇంటికి వచ్చాక ఏ పనీ చేయనివ్వలేదు ఆమె వేసిన ఆ ప్రశ్న. తల్లి తిన్నదని చెప్పడం తేలికే. కానీ అవ్వ కూతురు తినకపోతే? కథలో అందరూ తింటారు, నా బిడ్డే తినదు అనుకుంటుందేమో. తినలేదని చెబితే? ఆ మాట పట్టుకుని ఆమె రోజంతా దవాఖానలో ఎట్లా కూర్చుంటుంది? వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. అమ్మ చీపురు నా కాళ్ళకు తగులుతుంటే పక్కకు జరగమని అరిచింది. కథ అనేది ఒక మనిషికి తగులుతుందని, తగిలిన చోట మందైనా కావచ్చు, మంటైనా కావచ్చని నాకు అప్పుడే భయమేసింది. ఆ భయం లేకుండా నేను తర్వాత ఏమీ రాయలేదు.

మర్నాడు రైల్లో అవ్వ నాకోసం చోటు ఆపి ఉంచింది. కాకకు కాదు, నాకు. మానిక్‌గఢ్ దాకా ఆగుదాం, దాదా ఎక్కాలి కదా అని ఎవరో అన్నారు. దాదా ఎక్కాడు. పిల్లను నది దాటించాను, దవాఖాన మెట్లెక్కించాను, తల్లి మంచం దగ్గర డబ్బా మూత తీయించాను. అక్కడికొచ్చి ఆగిపోయాను. వాకిట్లో అన్నిసార్లు తిరిగినా ఏం చెప్పాలో నాకు తేలలేదు. బోగీలో ఊఁ లేదు, మగ లేదు. అవ్వ చేయి చాచి నా మణికట్టు పట్టుకుంది.

“తిన్నదనే చెప్పు బిడ్డా,” అంది. “నిన్న నా బిడ్డ తిన్నది.”

నేను ఏడ్చాను. ఎందుకో నాకు తెలియదు, ఏడ్చాను. కూరగాయల ఆవిడ ముక్కు చీదుకుంది. దాదా అవతలి వాళ్ళ వైపు తిరిగి, ఆమె తిన్నది అని చెప్పాడు. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన తనవైపు నుంచి ఏమీ కలపలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అవ్వ కోసమే కథ నడిపాను. ఆ పిల్ల తిరుగు ప్రయాణమే ఒక పెద్ద కథ అయింది. ఒక రోజు అవ్వ రాలేదు. కూతుర్ని, మనవణ్ణి జీపులో ఊరికి తీసుకుపోయారని వాళ్ళ పల్లె వాళ్ళెవరో చెప్పారు. నాకు సంతోషం వేయాలి, వేసింది కూడా. కానీ కష్టపడి తయారుచేసుకున్న ముక్క గొంతులోనే ఉండిపోయింది. ముఖం మాడ్చుకుని కూర్చుంటే కాక మోచేత్తో పొడిచాడు. “ఆమె దిగిపోయింది. బోగీ దిగిపోలె గదా,” అన్నాడు. తలెత్తి చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు. చెప్పాను.

కాక పోయి చాలా ఏళ్ళయింది. నేను మరాఠీ బడిలోనే పంతులమ్మగా చేసి, చంద్రపూర్‌లో స్థిరపడ్డాను. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో కొందరు కలుస్తారు. గనుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో కోడళ్ళు, బ్యాంకులో చేసే ఒకబ్బాయి. ఒకరు తెలుగును మరాఠీ అక్షరాల్లో రాస్తారు, ఒకరు ఫోనులో మాట్లాడి రికార్డు చేసుకొస్తారు. ఒకరి రాత ఇంకొకరు చదవలేరు కాబట్టి అందరూ పైకి చదవాల్సిందే. చదువుతుంటే మధ్యలో ప్రశ్నలు పడతాయి, తగవులు పడతాయి, చాయ్ చల్లారిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట బిక్కచచ్చిపోతారు. తర్వాత వాళ్ళే అందరికంటే ఎక్కువ అడుగుతారు.

మొన్న గడ్‌చాందూర్ నుంచి బస్సులో ఒకమ్మాయి వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. రాయాలని ఉంది గానీ దేని గురించి రాయాలో తెలియదు, కూర్చుంటే మనసు ఎక్కడెక్కడికో పోతుంది, నాకు కాదేమో పెద్దమ్మా అంది. మాట్లాడుతున్నంతసేపూ దుపట్టా అంచు వేలికి చుట్టడం, విప్పడం. ఆమెను చూస్తుంటే నాకు ముద్దొచ్చింది. ఈ రైలు సంగతంతా ఆమెకు చెప్పాను. విని, ఆ అవ్వ మళ్ళీ ఎప్పుడైనా కనబడిందా అని అడిగింది. లేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. తిరుగు ప్రయాణం ఎట్లా ముగిసిందో ఆమె వినలేదు.

కుదురు నాకు ఈ వయసుకూ రాలేదు. కాగితం ముందు కూర్చుంటే మోకాలు ఊగుతుంది, లేచి నీళ్ళు తాగి వస్తాను, మళ్ళీ లేస్తాను. ఏం రాయాలి అని మాత్రం నన్ను నేను అడగడం మానేశాను. మొదటి వాక్యం రాసే ముందు ఇప్పటికీ ఒకసారి తలెత్తి, ఎవరు లేవబోతున్నారా అని చూస్తాను. నా కళ్ళ ముందు ఎవరో ఒకరు ఉంటారు, రెండు చేతులూ సీటుకు ఆనించి, చూపు తలుపు మీద పెట్టి. ఆమె ఒళ్ళో ఏముందో చూసి, అక్కణ్ణుంచి మొదలుపెడతాను.